ఎడమ పక్క చుక్క

కోఠీ గుజరాతీ గల్లీలో
పన్నెండొందలకు బేరమాడి కొన్న పాత లెన్సు.
తిరగేసి బిగిస్తే చీమ ఏనుగవుతుందన్నాడు అమ్మినవాడు.
అబద్ధం కాదు.
ఏనుగంటేనే కాస్త తగ్గించి చెప్పాడు.

మొదటి ఆదివారం
మౌలాలిలో మా మేడ మీద, పిట్టగోడ పగుల్లో
ఎవరూ నాటని గడ్డిచామంతి.
గోరంత పువ్వు.
మోకాళ్లు గచ్చుకి కాలుతుంటే
ఊపిరి బిగబట్టి నొక్కాను.
తెర మీద పసుపు మంటల వలయం,
నడుమ ఇంకా విచ్చని సూర్యుళ్లు కొన్ని,
విచ్చి ఆరిపోయినవి కొన్ని.
ఓ మూల నలుసంత పురుగు
తన పనేదో తాను చూసుకుంటూ.

ఇక ఆగితేనా.
ఉప్పు చాలక బూజెక్కిన ఉసిరికాయ పచ్చడి,
నీలిమబ్బుల్లో చుక్కల పురిటిగది.
జిల్లేడు గింజ తోకచుక్క.
కోసిన బొప్పాయిలో నల్లటి గ్రహాల గుంపు,
ఒక్కోదాని చుట్టూ తడి వాతావరణం.
ఇరానీ చాయ్ మీద మీగడ ముడతపడుతుంటే
భూమి తొలిసారి గట్టిపడ్డ మధ్యాహ్నం గుర్తొచ్చింది,
నేనక్కడ ఉన్నట్టు.
"తాగుతరా, సూస్తరా?" అన్నాడు హోటల్ కుర్రాడు.

కరెంటాఫీసులో పక్క సీటు పురుషోత్తంగారు
కళ్లజోడు నుదుటికెత్తి,
"ఉపగ్రహం పంపిందా?" అన్నారు.
మా వంటింటి అటక పంపిందన్నాను.
నవ్వలేదాయన. బిల్లుల్లోకి వెళ్లిపోయారు.

వాచ్‌మన్ కూతురు స్వరూప మాత్రం
బొమ్మని చూసి, నన్ను చూసి,
"ఇంత పెద్దదాన్ని
గింత చిన్నగ ఎట్ల మడతవెట్టిన్రు?"
ఎవరు మడతపెట్టారనుకుందో.
జవాబు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఖాజాగూడ గుట్ట మీద
రాతిని కరుచుకుని వలయాలుగా పాకిన రాతిపువ్వు,
బిర్యానీలో పడేదానికి దూరపు చుట్టం.
నూరేళ్లకి బెత్తెడు పెరిగితే గొప్పట.
పాలపుంతకి లాగే దానికీ తొందర లేదు.
తొందరంతా పక్కనున్న డ్రిల్లింగు మిషనుది.
బండ మీద సున్నంతో నలభై ఏడు అని రాసుంది.
నా ఫోటోలో ఆ ఏడు తోక
వెలుగు చారలా పడింది, అందంగానే.
మరుసటి ఆదివారం వెళితే
నలభై ఎనిమిది కూడా లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక
బొమ్మలన్నీ వరసగా తిప్పుతుంటే కనిపించింది.
ఎడమ పక్క, కాస్త పైన, ఎప్పుడూ అక్కడే,
పొగలాంటి చుక్క ఒకటి.
పువ్వులో ఉంది. బూజులో ఉంది.
చాయ్‌లో, రాతిలో, బొప్పాయి గింజ పక్కన ఉంది.
వెన్ను జలదరించింది.
దాచడమెందుకు, చేతులు జోడించబోయాను.

గయాసుద్దీన్ భాయ్ లెన్సు విప్పి
కిటికీ వెలుగుకి పట్టాడు.
"ఫంగసమ్మా. వానల్ల అల్మారల పెట్టినవ్ గదా.
అద్దం లోపట మొలిసింది."
ఆయన కంటి భూతద్దం అడిగి తీసుకుని చూశాను.
తెల్లటి కొమ్మలు, కొమ్మలకి కొమ్మలు,
మూసీకి కూడా లేనన్ని ఉపనదులు
చిటికెడు గాజు మీద.
ఇన్నాళ్లూ దాని భుజం మీంచే
లోకాన్ని తొంగిచూశానన్నమాట.

మనకి తెలిసిన ఆకారాలే నాలుగు,
చుట్ట, కొమ్మ, వలయం, పగులు.
వాటితోనే కూడబలుక్కుని చదవాలి ఏదైనా.
పోలిక అక్కడే ఉందో
నా చూపుకే మాటలు తక్కువో.

"సాఫ్ చేసేద్దునా?"
వెంటనే చెప్పలేకపోయాను.
ఆయన రెండు చాయ్‌లు తెప్పించాడు. తాగాం.
చెయ్యమన్నాను.
దూది రెండు చుట్లు తిరిగింది.
ఆరువందలు తీసుకుని
దూదిని చెత్తబుట్టలో వేశాడు,
బస్సు టికెట్ల మీద, బత్తాయి తొక్కల పక్కన.

ఇప్పుడు బొమ్మలు కడిగినట్టు వస్తున్నాయి.
నిన్న స్వరూప చూసింది,
తులసి వెన్ను మీద సాలీడు గుడ్ల సంచి.
చాలాసేపు చూసి
ఎడమ పక్క, కాస్త పైన, వేలు ఆనించి,
"ఈడొకటుండె గద."